ఫ్రెండ్స్‌తో క్యాంపర్‌వ్యాన్‌లో ఐస్‌లాండ్ చుట్టి రావాలంటే

వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఐస్‌లాండ్ రీల్ పెడతారు, మిగతావాళ్లు ఎమోజీలు కొడతారు, "ఈ సమ్మర్‌కి పక్కా రా" అంటారు, అక్కడితో ఆ మాట చల్లబడిపోతుంది. చల్లబడకుండా ఉండాలంటే గ్రూపులో ఒక మనిషి పూనుకుని తేదీలు, వీసా, వ్యాన్ మూడూ ఒకేసారి తేల్చేయాలి. ఆ మనిషి మీరే అనుకుని ఇదంతా రాస్తున్నాను.

రూట్ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. దేశం చుట్టూ ఒకటో నంబరు రోడ్డు ఉంది, దాన్నే రింగ్ రోడ్డు అంటారు, పొడవు 1,322 కిలోమీటర్లు. దక్షిణాన హిమానీనదాల నుంచి వచ్చే నీళ్లు ఇసుక మైదానాన్ని ముంచెత్తుతూ ఉండటం వల్ల అక్కడ వంతెనలు కట్టడం చాలాకాలం కుదరలేదు, 1974లో అవి పూర్తయ్యాకే చుట్టు కలిసింది. లెక్క వేస్తే రోజుకి 200 కిలోమీటర్ల చొప్పున వారంలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. వారంలో తిరిగితే మీరు చూసేది ముందు సీటు అద్దమే. పది రోజులు పెట్టుకోండి. అంత సెలవు దొరక్కపోతే చుట్టు మానేసి, దక్షిణ తీరం వెంట హోఫ్న్ అనే ఊరి దాకా వెళ్లి అదే దారిలో తిరిగి రండి. నన్నడిగితే వారం ట్రిప్‌కి అదే మంచిది.

నెల, వీసా

మొదటిసారి అయితే జూన్ మొదటి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, అంతే. జూన్‌లో రాత్రంటూ ఉండదు, పన్నెండింటికి కూడా పుస్తకం చదువుకోవచ్చు, అందుకే ప్రతి ఒక్కరూ కళ్లకు కట్టుకునే మాస్క్ తెచ్చుకోవాలి. రాత్రి ఆకాశంలో అరోరా వెలుగులు చూడాలంటే ఆగస్టు చివరికి జరపండి, అప్పటికి రాత్రులు మళ్లీ చీకటి పడతాయి. కానీ చాలా క్యాంప్‌సైట్లు సెప్టెంబరు మధ్యలో మూసేస్తారు. చలికాలంలో క్యాంపర్‌వ్యాన్ అనే ఆలోచన, మంచు మీద బండి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు లేకపోతే, పెట్టుకోకండి.

ఐస్‌లాండ్ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఉంది. జర్మనీలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మన పిల్లలకి వేరే వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుతో యూకే, ఐర్లాండ్, అమెరికాలో ఉండేవాళ్లకి, ఇండియా నుంచి వచ్చేవాళ్లకి మాత్రం కావాలి. గ్రూపులో సగం మంది హైదరాబాద్, సగం మంది మ్యూనిక్ అయితే ఆలస్యమయ్యేది ఎప్పుడూ హైదరాబాద్ వాళ్ల దగ్గరే, ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి వాళ్లని తొందరపెట్టండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీసా ఫైల్లో ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో చూపించాలి, క్యాంప్‌సైట్లకేమో చాలావాటికి ముందు బుకింగ్ ఉండదు. అందుకని మొదటి రాత్రి, చివరి రాత్రి రాజధాని రెయిక్యావిక్‌లో గది తీసుకుని, మధ్య రోజులకి వ్యాన్ బుకింగ్ కాగితంతో పాటు ఏ రోజు ఏ ఊరి క్యాంప్‌సైటో ఒక పట్టిక రాసి పెట్టండి. రాత్రంతా ఫ్లైట్‌లో కూర్చుని వచ్చి దిగగానే బండి తీయడం ఎలాగూ మంచిది కాదు, ఆ మొదటి గది దానికీ పనికొస్తుంది.

లైసెన్స్ మీద ఇంగ్లిష్ అక్షరాలు, ఫొటో ఉంటే ఇబ్బంది ఉండదు, అయినా ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని జేబులో పెట్టుకోండి.

నలుగురైతే ఒక వ్యానా, రెండా

ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. వెబ్‌సైట్లో "నలుగురు పడుకోవచ్చు" అని ఉంటుంది, నిజమే, పడుకోవచ్చు. కానీ ఉదయం వాన పడుతుంటే నలుగురూ లోపలే ప్యాంట్లు మార్చుకోవాలి, ఒకడు టీ పెడుతుంటే ఇంకొకడు బ్యాగు తీయాలంటే ఇద్దరు బయటికి దిగాలి. మందపాటి జాకెట్లు, తడిసిన బూట్లు, నాలుగు సూట్‌కేసులు పెట్టాక నడిచే చోటు మిగలదు. పెద్ద మోటార్‌హోమ్ తీసుకుందాం అంటారు ఎవరో. అది హాయిగానే ఉంటుంది, కానీ అద్దె ఎక్కువ, పైగా పక్కల నుంచి వెడల్పుగా, ఎత్తుగా ఉండే బండి కాబట్టి గాలికి మొదట ఊగేది అదే.

నా మాట అయితే, నలుగురికి ఇద్దరిద్దరు పడుకునే చిన్న వ్యాన్లు రెండు తీసుకోండి. డీజిల్ రెండింతలు అవుతుంది, దాన్ని ఒప్పుకుంటాను. కానీ గురక పెట్టేవాడిని విడిగా పెట్టొచ్చు, ఒక బండి ఆగిపోతే రెండోది ఉంటుంది, ఒకరు కొండెక్కుతాం అంటే ఇంకొకరు కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగో రోజుకి అందరికీ కాసేపు ఎవరి మొహం వాళ్లు చూసుకోవాలనిపిస్తుంది. ముగ్గురైతే ఒక వ్యాన్ చాలు.

ప్రతి బండికీ కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, ఇద్దరి పేర్లూ కాంట్రాక్టులో రాయించాలి. అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇండియాలో మాత్రమే నడిపిన వాళ్లు మొదటి రోజు రెయిక్యావిక్ ట్రాఫిక్‌లో కాకుండా ఊరు దాటాక ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోవాలి. ఆటోమేటిక్ బండి కావాలంటే ముందే అడగండి, చౌక వ్యాన్లు చాలావరకు గేర్‌వే. క్లచ్ ఎప్పటిలాగే ఎడమకాలితోనే గానీ, కుడిచేత్తో గేరు మార్చడం చాలామందికి రెండు రోజులు తికమకగా ఉంటుంది, గేరు కోసం ఎడమచేయి డోరు మీదికి పోతుంది.

బుక్ చేసేటప్పుడు హీటర్ ఉందో లేదో చూడండి. ఇంజన్ ఆపేశాక కూడా రెండో బ్యాటరీ మీద నడిచే హీటర్ కావాలి, జూలైలో కూడా. రగ్గులు, స్టవ్, గిన్నెలు ఇస్తారా, విడిగా డబ్బులా అని కూడా అడగండి. చిన్న వ్యాన్లలో టాయిలెట్ ఉండదు.

ఇన్సూరెన్స్‌లో రాయని సంగతి

కంకర రాళ్లు ఎగిరి అద్దం పగలడానికి ఒక కవర్, ఇసుక, బూడిద గాలికి పెయింట్ లేచిపోవడానికి ఇంకొక కవర్ అమ్ముతారు. కంకర కవర్ తీసుకోండి. దక్షిణ తీరం మీదుగా వెళ్తారు కాబట్టి ఇసుక కవర్ కూడా తీసుకుంటేనే మనశ్శాంతి. అయితే ఎంత పెద్ద ప్యాకేజీ కొన్నా మామూలుగా రెండింటికి డబ్బులు రావు: నది దాటబోయి నీళ్లలో ముంచిన బండి, గాలికి విరిగిన డోరు.

డోరు విరగడం ఏంటి అనుకోకండి. అక్కడ బండి ఆపాక దిగే పద్ధతి వేరు. ముందు బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా పార్క్ చేయాలి. వీపు వైపు నుంచి గాలి కొడుతుంటే డోరు మీ చేతిలోంచి జారిపోయి ముందుకు విరుచుకుంటుంది, కీలు వంగుతుంది, ఇక మూసుకోదు. అద్దం రెండు వేళ్లంత దించి గాలి ఎటు, ఎంత అని చూడండి, తర్వాత డోరు అంచుని రెండు చేతులా పట్టుకుని కొంచెం కొంచెం తెరవండి, దిగాక కూడా చేయి వదలకుండా మూసేయండి. ఒకేసారి రెండు పక్కల డోర్లు తీయొద్దు, లోపలున్న టిష్యూలు, రసీదులు, ఒక్కోసారి పాస్‌పోర్టు కూడా ఎగిరిపోతాయి. వెనక కూర్చున్నవాళ్లు ఫొటో ఆత్రంలో దూకేస్తారు, వాళ్లకి మొదటి రోజే గట్టిగా చెప్పాలి, మొహమాటపడితే బిల్లు అందరి మీదా పడుతుంది. బండి తీసుకునేటప్పుడు డోర్ల కీళ్లు, అద్దం, చక్రాలు, పైకప్పు అన్నిటికీ వీడియో తీసుకోండి.

ప్లాన్ గాలికి వదలండి

హోటళ్లు బుక్ చేసుకున్నవాళ్లు తుఫానులో కూడా తర్వాతి ఊరికి పోవాల్సిందే. వ్యాన్ తీసుకోవడంలో అసలు లాభం ఆ బంధం లేకపోవడం, దాన్ని వాడుకోకపోతే అంత డబ్బు పోసి ఇరుకులో పడుకోవడం దేనికి? కాబట్టి సవ్యమా, అపసవ్యమా అని ఇంట్లో కూర్చుని వాదించుకోకండి. దిగిన రోజు వాతావరణం చూసి, దక్షిణాన వాన ఉంటే ఉత్తరానికి, ఉత్తరాన ఉంటే దక్షిణానికి బయల్దేరండి. వీసా ఫైల్లో పెట్టిన పట్టికతో అక్షరాలా సరిపోవాలని లేదు.

ఐస్‌లాండ్ వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో గాలి వేగం సెకనుకు ఇన్ని మీటర్లని ఉంటుంది. మనకి ఆ అంకె చిన్నగా కనిపిస్తుంది, "పదిహేనే కదా" అనిపిస్తుంది. సెకనుకు 15 మీటర్లంటే గంటకి 54 కిలోమీటర్లు. 10 దాటితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి, 15 దాటితే వ్యాన్ తీయకండి, 20 అయితే ఆ మాటే ఎత్తకండి. సగటు గాలి ఒకటి, ఉండుండి ఊపేసే గాలి ఇంకొకటి, రెండోది చూడండి, బండిని పక్కకి నెట్టేది అదే. కొండల కింద ఎప్పుడూ ఎక్కువ: ఎయ్యాఫ్యాల్ల కొండల కింది దారి, వాత్నాయోకుల్ హిమానీనదం పక్కన ఒరేఫి ప్రాంతం, రెయిక్యావిక్ దాటాక ఉత్తరానికి వెళ్లే చోట క్యాలార్నెస్. అక్కడ రోడ్డు పక్కన బోర్డుల మీద అప్పటి గాలి వేగం వెలుగుతూ ఉంటుంది.

పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తారు. పసుపుకే ఆ రోజు ఊళ్లో ఉండిపోతే మీకు పోయేదేమీ లేదు, పెట్టుకున్న పది రోజుల్లో ఒకటి దీనికే అనుకోండి. రోజూ ఉదయం ఒకరు వాతావరణం, ఒకరు రోడ్ల పరిస్థితి చూసి గ్రూపులో పెట్టాలి. 112 ఐస్‌లాండ్ అనే యాప్ అందరి ఫోన్లలో ఉండాలి, అత్యవసరానికి నంబరు కూడా 112నే.

రోడ్డు మీద

తారు రోడ్డు మీద 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్లలో సాధారణంగా 50. కెమెరాలు ఉంటాయి, జరిమానా చూస్తే కళ్లు తిరుగుతాయి. పగలు కూడా లైట్లు వేసే ఉంచాలి. తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట వేగం తగ్గించకుండా వెళ్తే బండి జారుతుంది, విదేశీయుల యాక్సిడెంట్లలో ఇది పాత కథ.

ఒంటి వరస వంతెనలు వస్తాయి. ముందు ఎవరు చేరితే వాళ్లే వెళ్లాలి, కానీ అవతలివాడు ఆగుతాడన్న నమ్మకంతో దూరకండి, మీరే ఆగి లైటు కొట్టండి. గొర్రెలు ఎండాకాలమంతా వదిలేసే ఉంటాయి, తల్లి రోడ్డుకి ఒక పక్క, పిల్ల ఇంకొక పక్క కనిపిస్తే పిల్ల కచ్చితంగా అడ్డంగా పరిగెడుతుంది.

నంబరు ముందు ఎఫ్ ఉన్న రోడ్లలోకి ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్లడం నేరం. తూర్పున ఇంకో చిక్కు ఉంది. దక్షిణం నుంచి ఎగిల్స్‌స్తాదిర్‌కి మ్యాప్ పెడితే ఓక్సి అనే కనుమ మీదుగా 939 నంబరు రోడ్డు చూపిస్తుంది, బోలెడు దూరం కలిసొస్తుంది అంటుంది. అది నిట్టనిలువు కంకర దారి, పొగమంచు ఎక్కువ. మ్యాప్ ఎంత బతిమాలినా తీరం వెంటే పోండి. ఆ తీరం కూడా చాలా బాగుంటుంది.

ఫొటో కోసం రోడ్డు మధ్యలో ఆపొద్దు, పక్కన ఆపే జాగా కూడా చాలాచోట్ల ఉండదు. రోడ్డు దిగి నాచు మీదికి, ఇసుకలోకి నడపడం నిషేధం. దక్షిణాన వీక్ అనే ఊరు దాటాక కనిపించే ఆకుపచ్చ నాచు పరిచిన లావా మైదానం 1783లో లాకీ పేలుళ్లలో వచ్చినది, ఆ నాచు అంత మందాన పట్టడానికి ఎన్ని తరాలు పట్టిందో ఊహించుకోండి, కాలు కూడా పెట్టకండి.

పడుకోవడం, స్నానం

నార్వేలో లాగా ఎక్కడ బాగుంటే అక్కడ ఆపి పడుకోవచ్చని కొందరు చెప్తారు. ఐస్‌లాండ్‌లో కుదరదు. 2015లో వచ్చిన చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా క్యాంప్‌సైట్ బయట వ్యాన్‌లో పడుకోకూడదు, జలపాతం పార్కింగ్‌లో తెల్లవారుజామున ఎవరో వచ్చి అద్దం తడతారు. క్యాంప్‌సైట్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి, సాయంత్రం వెళ్లి డబ్బు కట్టి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోవడమే. మనిషికి రెండు మూడు వేల క్రోనలు, అంటే మన లెక్కలో సుమారు రెండు వేల రూపాయలు అనుకోండి. 28 రాత్రులకు పనికొచ్చే క్యాంపింగ్ కార్డ్ ఒకటి ఉంది కానీ ఒక కార్డు మీద ఇద్దరు పెద్దవాళ్లకే, నలుగురికి రెండు కొనాలి, పైగా అన్ని సైట్లూ దానిలో లేవు, కాబట్టి లెక్క వేసుకున్నాకే కొనండి.

రాత్రి అద్దం ఒక వేలంత తెరిచి ఉంచండి. అన్నీ బిగించుకుంటే తెల్లారేసరికి అద్దాల నుంచి నీళ్లు కారి దిండు తడిసిపోతుంది.

స్నానానికి క్యాంప్‌సైట్ షవర్ కన్నా ఊరి ఈత కొలను మేలు. అతి చిన్న ఊరిలో కూడా వేడినీళ్ల కొలను ఉంటుంది, పక్కనే ఇంకా వేడి టబ్బులు, చలిగాలిలో మెడదాకా మునిగి కూర్చుంటే డ్రైవింగ్ నొప్పులన్నీ పోతాయి. ఒక్క షరతు: నీళ్లలోకి దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి, మగవాళ్లకి ఆడవాళ్లకి వేరుగానే గానీ అందరూ ఒకే హాల్లో. ఏ భాగాలు రుద్దుకోవాలో గోడ మీద బొమ్మ కూడా ఉంటుంది. మనవాళ్లు మొదటి రోజు ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా పైకప్పు చూస్తారు, రెండోసారికి ఎవరూ పట్టించుకోరు.

తిండి

బయట తింటే ఒక పూటకే ట్రిప్ మీద విరక్తి వస్తుంది, అంత రేట్లు. బోనుస్, క్రోనన్ అని సూపర్‌మార్కెట్లు ఉంటాయి, పెద్ద ఊరు వదిలేముందు సరుకులు నింపుకోండి, కొన్ని ఉదయం ఆలస్యంగా తీసి సాయంత్రం త్వరగా మూసేస్తారు. బియ్యం, ఉప్పు, కారం, పులిహోర పేస్టు, రవ్వ ఉప్మా పొడి, వెజ్ పచ్చళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి. మాంసం పచ్చళ్లు, పనీర్, నెయ్యి లాంటివి కస్టమ్స్ దగ్గర ఇబ్బంది, వదిలేయండి.

పెరుగు లేకుండా ఎలా అనేవాళ్లు ఉంటారు. అందరూ స్కిర్ అనే అక్కడి పెరుగులాంటిది కొనమంటారు, అది మరీ గట్టిగా ఉంటుంది, నీళ్లు పోసి కొడితే మజ్జిగలా బాగానే ఉంటుంది. పెరుగన్నానికి మాత్రం డబ్బాల్లో పల్చగా ఉండే ఏబీ మ్యోల్క్ కొనండి, ఏ రుచీ కలపనిది చూసుకుని. అన్నంలో కలిపి మాగాయ నంజుకుంటే ఆ చలిలో కూడా ఇంట్లో తిన్నట్టే ఉంటుంది.

తాలింపు వ్యాన్ లోపల పెట్టకండి. ఎండుమిర్చి ఒక్కటి మాడినా నలుగురూ దగ్గుకుంటూ వానలోకి దూకాలి, ఆ ఘాటు పరుపులకి పట్టి ట్రిప్ అయ్యేదాకా పోదు. చిన్న స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ కూడా నిలవదు, మూతగిన్నెలో వండుకోండి. డోరు మూసుకుని స్టవ్ వెలిగించడం ప్రాణాల మీదికి వస్తుంది, వేడి కోసం అసలే వెలిగించకండి. గ్యాస్ డబ్బాలు కొనేముందు క్యాంప్‌సైట్ వంటగదిలో అల్మరా చూడండి, వెళ్లిపోయేవాళ్లు సగం డబ్బాలు, ఉప్పు, నూనె, పాస్తా వదిలేసి వెళ్తారు. కుళాయి నీళ్లే తాగండి, బాటిళ్లు కొనడం దండగ. వేడినీళ్లు గంధకం వాసన వస్తే కంగారుపడకండి, భూమిలోంచి వచ్చే నీళ్లు. బీరు తాగేవాళ్లు ఎయిర్‌పోర్టులోనే కొనుక్కోండి, బయట దుకాణంలో కొనాలంటే ఎక్కువగా ప్రభుత్వ దుకాణాల్లోనే దొరుకుతుంది, అవీ త్వరగా మూసేస్తారు. రాత్రి తాగిన మనిషికి ఉదయం తాళం ఇవ్వొద్దు.

ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి

థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్క్, గేసిర్ వేడినీటి ఊటలు, గుల్‌ఫాస్ జలపాతం ఒక రోజులో అయిపోతాయి, బస్సుల జనం ఉంటారు. సెల్యాలాండ్స్‌ఫాస్ జలపాతం వెనక నడవొచ్చు, జూన్, జూలైల్లో రాత్రి తొమ్మిది తర్వాత వెళ్తే వెలుగూ ఉంటుంది, జనం ఉండరు. వీక్ పక్కన రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దు, ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి ఒక అల చాలా దూరం దాకా వచ్చి లాక్కుపోతుంది, అక్కడ ప్రాణాలు పోయాయి, హెచ్చరిక లైట్లు పెట్టింది అందుకే.

ఒకే చోట రెండు రాత్రులు ఉండాలనుకుంటే స్కాఫ్తాఫెల్‌లో ఉండండి. నడక దారులు అక్కడి నుంచే, హిమానీనదం మీద గైడ్‌తో నడక అక్కడే, గంటలోపు దూరంలో మంచుముక్కలు తేలే యోకుల్సార్లోన్ సరస్సు. ఉత్తరాన దెట్టిఫాస్ జలపాతానికి పడమటి వైపు 862 రోడ్డు పట్టుకోండి, అది తారు. మీవాత్న్ సరస్సు దగ్గర ఎండాకాలం దోమల్లాంటి చిన్న పురుగులు మొహమంతా కమ్ముకుంటాయి, తలకి వల కొనుక్కుంటే నవ్వులాటగా ఉన్నా బతికిపోతారు. అకురేరి నుంచి రెయిక్యావిక్‌కి దాదాపు 390 కిలోమీటర్లు, ఒకే రోజు కొట్టేయొచ్చు గానీ చివరి రోజుకి మాత్రం పెట్టుకోకండి.

డబ్బుల సంగతి

అంతా కార్డే, నోట్లు అక్కర్లేదు. చాలా పెట్రోల్ బంకుల్లో మనుషులు ఉండరు, పిన్ ఉన్న కార్డు కావాలి, పోసింది తక్కువే అయినా ముందు పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు, కాబట్టి బ్యాలెన్స్ ఎక్కువున్న కార్డు వాడండి. తూర్పున, ఉత్తరాన ట్యాంకు సగానికి వస్తే నింపేయండి. బండి డీజిలో పెట్రోలో ట్యాంకు మూత మీద చూసే గన్ ఎత్తండి.

జలపాతాల దగ్గర పార్కింగ్‌కి బూమ్ గేటు ఉండదు, కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, మీరే యాప్‌లో కట్టాలి. అకురేరి పక్కన వాద్లాహేది సొరంగానికి కూడా అంతే, ఒక రోజులోపు ఆన్‌లైన్‌లో కట్టాలి, ఇష్టం లేకపోతే పాత కొండదారి ఉచితం. కట్టడం మర్చిపోతే బిల్లు వ్యాన్ కంపెనీకి పోతుంది, వాళ్లు తమ రుసుము కలిపి బుక్ చేసినవాడి కార్డు మీద వేస్తారు, అదీ మీరు ఇంటికొచ్చిన వారాల తర్వాత. అందుకని ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో లెక్క ఎయిర్‌పోర్టులో తేల్చేసినా, ఇంకో నెల దాకా ఆ గ్రూపు డిలీట్ చేయకండి, చేస్తే ఆ బిల్లు బుక్ చేసినవాడు ఒక్కడే మోయాల్సి వస్తుంది.